గురి తప్పిన ఇరవై రోజులు

నేను ఒక రైఫిల్‌ని. పేరు వినగానే వెనక్కి జరగకండి. నేను యుద్ధం చూడలేదు, వేటకు పోలేదు, పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి పేలిన పాపం కూడా నాకు లేదు. పుట్టి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటిదాకా నేను చంపినవన్నీ కాగితాలే. యాభై మీటర్ల దూరంలో నిలబెట్టిన తెల్ల కాగితం, దాని మధ్యలో నల్లటి గుండ్రం, ఆ గుండ్రం నడుమ చొక్కా గుండీ అంత చుక్క. ఆ చుక్కను కొట్టడమే నా బతుకుతెరువు.

ఏడాదిలో సగం రోజులు మంచు కురిసే దేశంలో నన్ను చేశారు. అక్రోటు కర్రను చెక్కి, దాని ఒడిలో ఉక్కు గొట్టాన్ని పడుకోబెట్టారు. అయితే ఆ గొట్టం వెనక భాగం తప్ప ఇంకెక్కడా కర్రకు తగలకూడదు. కాల్చినప్పుడు గొట్టం సన్నగా వణుకుతుంది, ఆ వణుకు ప్రతిసారీ ఒక్కలాగే ఉండాలి. మధ్యలో కర్ర తగిలిందా, తూటా దాని దారి అది చూసుకుంటుంది. ఇంత చిన్న విషయం వల్ల ఇద్దరు మంచి మనుషులు ఇరవై రోజులు మాట్లాడుకోకుండా పోయారు.

నన్ను మొదట కొన్నది అనంతపురంలో ఒక పళ్ళ డాక్టరు. ఆదివారం పొద్దున పెట్టె తెరిచి, నూనె రాసి, స్నేహితులకు చూపించి, మళ్ళీ పెట్టెలో పెట్టేవాడు. ఎప్పుడైనా కాల్చి, తూటా చుక్కకు జానెడు దూరంలో పడితే మాత్రం, “ఈ రైఫిలు కొంచెం ఎడమకు లాగుతుందండీ” అనేవాడు. నోరు లేనివాళ్ళ మీద నేరం మోపడం మనుషులకు ఎంత సులువో అప్పుడే తెలిసింది. చూపు మందగించాక ఆయన నన్ను ఊరి చివర గుట్ట కింద ఉన్న రైఫిల్ క్లబ్బుకు ఇచ్చేశాడు. ఆయన నాకు చేసిన ఉపకారాల్లో ఇదే పెద్దది.

అక్కడ నన్ను అందుకున్నది కుళ్ళాయమ్మ. బస్సు కండక్టరు. రోజంతా కుదుపుల్లో నిలబడి టిక్కెట్లు కొట్టే మనిషి, నేల మీద బోర్లా పడుకుని నా కర్రకు చెంప ఆనించిందంటే రాయిలా కదలదు. మోచేతి పైన పట్టీ కట్టుకుని, దాని కొస నాకు తగిలించి, నన్ను బిగించి పట్టుకునేది. ఆరేళ్ళు కలిసి పనిచేశాం. పోయిన ఏడు రాష్ట్ర ఎంపికల్లో అరవై తూటాలకు ఆవిడకు వచ్చినవి ఐదువందల అరవై ఆరు మార్కులు. జాతీయ పోటీలకు వెళ్ళాలంటే ఐదువందల డెబ్బై కావాలి. నాలుగు మార్కుల్లో పోయింది. తప్పు ఆవిడది కాదు, నాదే. వేలకు వేలు తూటాలు పోయి పోయి నా గొట్టం లోపల తూటాను తిప్పే గాడులు అరిగిపోయాయి. ముసలివాళ్ళ పళ్ళ సంగతి మీకు తెలుసు కదా, అంతే.

క్లబ్బు వాళ్ళు కొత్త గొట్టం తెప్పించారు. బిగించింది గౌస్ మొహియుద్దీన్. పోలీసు ఆయుధాల షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన స్క్రూ బిగిస్తే స్క్రూకే గౌరవంగా ఉంటుంది. కొత్త గొట్టం పాతదానికంటే కాస్త లావు. అందుకని కర్రను లోపల ఓపిగ్గా గీకి, చుట్టూ సన్నటి సందు వదిలాడు. ఇసుక సంచి మీద పెట్టి ఐదు తూటాలు కాల్చాడు. ఐదూ ఒకే బెజ్జంలోంచి పోయాయి. నాకు మళ్ళీ వయసొచ్చిందనుకున్నాను.

రెండు రోజులకే దసరా. క్లబ్బు సెక్రటరీ రుద్రప్ప సారు పాతకాలపు హెడ్మాస్టరు. ఆయుధపూజ అంటే ఆయనకు పరీక్షల కంటే ముఖ్యం. మమ్మల్నందరినీ బల్ల మీద వరుసగా పెట్టి, గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు వేసి, సభ్యులందరి చేతా అక్షింతలు వేయించాడు. గౌస్ కూడా వేశాడు. కుళ్ళాయమ్మ అయితే నా మీద రెండు గుప్పిళ్ళు వేసింది. ఈ ఏడు ఎలాగైనా గెలవాలని ఆవిడ పెదాలు కదలడం నేను చూశాను. మరుసటి రోజు నన్ను మెత్తటి గుడ్డతో తుడిచి మైదానానికి తీసుకెళ్ళింది.

మొదటి తూటా చుక్కలో పడింది. రెండోది కుడి పక్కకు. మూడోది పైకి. నాలుగోది మళ్ళీ చుక్కలో. ఐదోది ఎక్కడ పడిందో వెతుక్కోవలసి వచ్చింది.

“గౌసన్నా, ఏందిది? ఒగటి ఈడ పడితే ఒగటి ఆడ పడతాండాది!” అంది కుళ్ళాయమ్మ.

గౌస్ వచ్చాడు. స్క్రూలు చూశాడు, బిగువుగానే ఉన్నాయి. గొట్టం లోపల శుభ్రం చేశాడు. గురి చూసే సైటు ఊడదీసి బిగించాడు. వేరే రకం తూటాలు తెచ్చాడు. ఇసుక సంచి మీద పెట్టి కాల్చాడు. ఐదూ ఒకే బెజ్జం. కుళ్ళాయమ్మ పడుకుని పట్టీ కట్టుకుని కాల్చింది. జల్లెడ.

“రైఫిలు బాగుందమ్మా. నువ్వే భయపడతాండావు. పోయిన ఏడు పోయింది గదా, ఆ దిగులు చేతిలోకి దిగింది” అన్నాడు గౌస్.

“నా చెయ్యి ఆరేండ్లుగా ఇదే చెయ్యి! కొత్తగా వచ్చింది నీ గొట్టమే.”

“నా గొట్టమా? ముప్పై ఏండ్లు నా పనిని ఒగరూ ఏలెత్తి చూపలేదు!”

ఆ తర్వాత ఇద్దరికీ మాటలు లేవు. ఆవిడ పొద్దునే వచ్చి కాల్చి, కాగితం చూసుకుని, పళ్ళు బిగించి వెళ్ళేది. ఆయన సాయంత్రం వచ్చి, నన్ను ఇసుక సంచి మీద పెట్టి, తన ఒకే బెజ్జం చూసుకుని మీసం దువ్వుకునేవాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరూ తప్పే. సంగతి నాకు తెలుసు, నా ఒళ్ళు కదా! చెప్పే నోరే లేదు. వీపు మీద చెయ్యి అందనిచోట దురద పుడితే, ఎదురుగా ఇద్దరు నిలబడి వాదించుకుంటుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఎంపికలకు ఇంక ఐదు రోజులే ఉన్నాయి. ఆ పొద్దున గౌస్ ఎందుకో ముందే వచ్చాడు. కుళ్ళాయమ్మ కాల్చడం మానేసి చాప మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అన్నా, ఒగ మాట. ఈసారి పోతే నేనింక రాను. తప్పు నాదే అయితే నాదే, ఒప్పుకుంటా. కానీ నువ్వొగసారి పడుకోని, పట్టీ కట్టుకోని కాల్చు. నా కోసరం.”

గౌస్‌కు మోకాళ్ళ నొప్పులు. కింద పడుకోవడానికే రెండు నిమిషాలు పట్టింది. పట్టీ కట్టుకుని, నన్ను బిగించి, ఊపిరి ఆపి కాల్చాడు. ఐదు తూటాలు, ఐదు దిక్కులు. దుర్భిణిలోంచి చూసి, దాని అద్దం తుడిచి ఆయన మళ్ళీ చూశాడు.

“నీకు గూడా భయమేనా అన్నా?” అంది కుళ్ళాయమ్మ. అని, నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఉండుమ్మా, ఉండు. సంచి మీద పెడితే కర్రను ఎవురూ లాగరు. పట్టీ కడితే కర్ర లాగుతాది...” అంటూ ఆయన లేచి కూర్చున్నాడు. “పల్చటి కాగితం ఉందా నీ దగ్గర?”

కండక్టరు సంచిలో కాగితానికి కొదవా? టిక్కెట్ల చుట్టలోంచి మూరెడు చించి ఇచ్చింది. గౌస్ దాన్ని నా గొట్టానికీ కర్రకూ నడుమ దూర్చి, మెల్లగా వెనక్కి జరుపుతూ వచ్చాడు. కాగితం నున్నగా జారింది. సగం దూరం వచ్చాక ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అక్కడే ఆగింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

స్క్రూలు విప్పి గొట్టాన్ని పైకి తీశాడు. కర్ర గాడిలో, ఎండి గట్టిపడిన గంధం మధ్యన, పసుపుపచ్చగా, హాయిగా పడుకుని ఉంది ఒక అక్షింత.

ఇద్దరూ దాన్ని చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. పాత గొట్టం సన్నం, అందుకని ఇన్నేళ్ళూ ఏ దసరా గింజ పడినా దులిపితే రాలిపోయేది. కొత్తది లావు, సందు ఇరుకు. గింజ దూరింది, గంధం దాన్ని అతికించింది. పట్టీ కర్రను లాగిన ప్రతిసారీ అది గొట్టాన్ని ఒక్కో తీరుగా పొడిచింది.

“నేనే రెండు గుప్పిళ్ళు ఏసినా” అంది కుళ్ళాయమ్మ, తల వంచుకుని.

“నేనూ ఏసినా గదా. ఎవురిదో ఎవురికి తెలుసు? నువ్వు చెప్పిన పొద్దే ఇప్పి చూసుంటే అయిపోయేది. నా గీర అడ్డమొచ్చింది తల్లీ, తప్పు నాది.”

“రుద్రప్ప సారుకు మాత్రం చెప్పొద్దన్నా. వచ్చే దసరాకు పూజకు ముందర మనకు క్లాసు పీకుతాడు.”

గోరుతో గింజ తీసి, గాడి తుడిచి, మళ్ళీ బిగించారు. కుళ్ళాయమ్మ పడుకుని కాల్చింది. ఐదూ చుక్కలోనే. గౌస్ చాప పక్కనే కూలబడి, మోకాళ్ళు రుద్దుకుంటూ గట్టిగా నవ్వాడు. మనుషులు నవ్వగా నేను చాలాసార్లు విన్నాను గానీ, ఆ నవ్వు నాకు ఎంతో హాయిగా అనిపించింది.

ఎంపికల రోజు గాలి అడ్డంగా వీస్తోంది. ఆవిడ పక్కన పడుకున్నవాళ్ళ చేతుల్లో నాకంటే ముప్పై ఏళ్ళు చిన్న రైఫిళ్ళు, రంగురంగులవి. నేను వాటి వంక చూడలేదు. యాభై తొమ్మిది తూటాలయ్యేసరికి మాకు ఐదువందల అరవై ఒకటి. ఇంకొక్క తూటా. తొమ్మిది రావాలి, ఎనిమిదైతే ఇంటికే.

కుళ్ళాయమ్మ చెంప నా కర్రకు ఆనింది. నాకు గుండె లేదు. కానీ ఆవిడ గుండె పట్టీలోంచి నా కర్రలోకి కొట్టుకుంటుంది. దడదడలాడుతున్న ఆ చప్పుడు నెమ్మదిగా తగ్గింది. గాలి కూడా ఒక్క క్షణం ఆగింది. వేలు కదిలింది. నా గొట్టం ఎలా వణకాలో అలాగే వణికింది.

పది.

వెనక నిలబడ్డ గౌస్ కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము పడిందన్నాడు. కుళ్ళాయమ్మ కేకలు పెట్టలేదు, గెంతలేదు. నన్ను పెట్టెలో పడుకోబెట్టి, మూత వేయకుండానే ఫోను తీసింది. బస్సు డిపో మేనేజరుకి.

“సార్, కుళ్ళాయమ్మను. వచ్చే నెల పది దినాలు సెలవు కావాల... లేదు సార్, జొరం కాదు... అత్తకు బాగానే ఉంది సార్... ఎవురూ సావలేదు.”

ఈ ఆరేళ్ళూ నా దగ్గరికి రావడానికి ఆవిడ ఎన్ని జ్వరాలు తెచ్చుకుందో, ఎంతమంది చుట్టాలను చంపుకుందో నాకు అప్పుడే తెలిసింది. అవతల నుంచి ఏదో ప్రశ్న వచ్చింది. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, చీరకొంగు సర్దుకుని, నిటారుగా నిలబడింది.

“ఆట ఉంది సార్. రాష్ట్రం తరపున. నేనే ఆడాల.”