గోళ్ళ బాబాయి

ఎర్రావు చెవి మడతలో వేలు పెట్టి ఇంకో పిడుదును పట్టుకున్నాడు బాబాయి. మెలితిప్పి లాగి, రెండు బొటనవేలి గోళ్ళ మధ్య టప్పున నలిపాడు. మొద్దుబారి పసుపుపచ్చగా మారిన ఆ గోళ్ళ వల్లే పశువులశాలలో అందరికీ ఆయన గోళ్ళ బాబాయి. మొండితనంలో మాత్రం ఆంబోతు కూడా ఆయన ముందు దిగదుడుపే.

చేతులకు తొడుగులు వేసుకోమని పశువుల డాక్టరు చెప్పి చెప్పి విసిగిపోయాడు.

"ఆ పురుగులో వైరస్ ఉంటుంది బాబాయ్. ఒక పశువు రక్తంతో పాటు పురుగు ఒంట్లోకి ఎక్కి కాపురం పెడుతుంది. గుడ్లలోకీ పోతుంది. కుడితే ఉమ్ముతో మనలోకి దిగుతుంది, నలిపితే వేళ్ళ పగుళ్ళలోంచి దిగుతుంది. ఆవు మాత్రం నిక్షేపంగా ఉంటుంది."

"ఆవుకే ఏమీ కానిది నాకేమవుతుంది డాక్టరుగారూ? తొడుగేసుకుంటే పురుగు వేలికి తగిలి చావదు" అనేవాడు బాబాయి.

రెండు రోజులుగా ఒళ్ళు కాలిపోతున్నా పనికి వస్తూనే ఉన్నాడు. ఈ మధ్యాహ్నం నోరు పుక్కిలిస్తే నీళ్ళు ఎర్రగా పడ్డాయి. డాక్టరు మాటలన్నీ అప్పుడు చెవికెక్కాయి. భయపడింది తనకోసం కాదు. కూతురు ఈ శాలలోనే పాలు పితుకుతుంది. తండ్రి నేర్పినట్టే తనూ పిడుదుల్ని గోళ్ళతో నలుపుతుంది.

ఆ ఎర్రనీళ్ళు చూసిన శాల యజమాని గొంతు తగ్గించి, "ఎండదెబ్బని చెప్పు బాబాయ్. ఇది బయటికి పొక్కితే మన పాలు ఎవడు కొంటాడు?" అన్నాడు.

బాబాయి పాలు పితికే పీట ఒకటి ఈడ్చుకెళ్ళి గేటుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. సాయంత్రం పాలవేళకి వచ్చిన పనివాళ్ళంతా, కూతురితో సహా, బయటే ఆగిపోయారు.

"ఇది ఎండదెబ్బ కాదు. పిడుదు జ్వరం, నా గోళ్ళతో నేనే తెచ్చుకున్నాను. తొడుగుల్లేకుండా ఎవరూ లోపల అడుగుపెట్టడానికి వీల్లేదు."

"మతి పోయిందా నీకు?" అన్నాడు యజమాని.

"ఇప్పుడే వచ్చిందయ్యా."

ముక్కులోంచి రక్తం కారింది. కూతురు కొంగుతో తుడవబోయింది. ఆమె పుట్టినప్పటినుంచీ ఒక్కనాడూ కసరని మనిషి, కసిరాడు.

"ముట్టుకోకు తల్లీ. నా రక్తంలోనూ అదే ఉంది. నేను నీకు తప్పు నేర్పాను, ఇవాళ్టితో మానెయ్."

ఆమె ఏడుస్తూ నిలబడిపోయింది. పనివాళ్ళెవరూ లోపలికి అడుగు వెయ్యలేదు. చివరికి యజమానే తొడుగుల పెట్టె తెప్పించాడు. కూతురు రెండు చేతులకూ తొడుక్కునేదాకా బాబాయి లేవలేదు. ఆ తర్వాతే అంబులెన్స్ ఎక్కాడు.

తెల్లారేసరికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, బాబాయి ఇక లేడని.

పొద్దున పాలవేళకి పీట గేటుకి అడ్డంగానే ఉంది. యజమాని దాన్ని జరపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కనుంచి ఒదిగి లోపలికి వెళ్ళాడు.