చిక్కు వెంట్రుకల తూకం

హలో... అమ్మా, అక్కయ్యా, తమ్ముడూ, వినపడుతోందా? సిగ్నల్ సరిగా లేకపోతే కాస్త వాకిట్లోకి రండి. చేతిలో పని ఉంటే ఆపొద్దు, చెవి మాత్రం ఇటు వేస్తే చాలు. మన నరసరావుపేటలో హిమబిందు అనే ఆవిడ కథ చెబుతాను. మొదట్లో ఇది జుట్టు సంగతే కదా అనిపిస్తుంది. అట్లా అనుకునే ఆవిడా ఏడాది గడిపింది.

హిమబిందు పొద్దున ఇల్లు ఊడ్చిందంటే చెత్త కన్నా ముందు చీపురుకు చుట్టుకున్న వెంట్రుకలే కనపడతాయి. తలగడ మీద కొన్ని, బాత్రూమ్ తూము దగ్గర గుప్పెడు, దువ్వెనలో ఇంకో గుప్పెడు. అవన్నీ ఏరి, వేలికి చుట్టి ఉండ చేసి, పెరటి తలుపు వెనక మేకుకు తగిలించిన కవర్లో వేస్తుంది. ఆ కవరు తగిలించింది అత్తగారు శివపార్వతమ్మ. "పారెయ్యబాకే. ఊరికే ఊడిపోయేదేగా, గిన్నెల మాబున్నీకి తూకమేస్తే గిన్నెన్నా వొస్తది." పన్నెండు నెలల్లో అట్లా రెండు స్టీలు డబ్బాలు, ఒక చెంబు, ఒక జల్లిగరిటె వచ్చాయి. పక్కింటివాళ్ళు పచ్చడి అడిగితే ఆ డబ్బాలోనే పోసిచ్చి, "ఇది మా కోడలి జుట్టుకొచ్చింది" అని మరీ చెప్పేది అత్తగారు. హిమబిందుకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు జడ కుచ్చులు నడుము దాటి ఊగేవి. ఇప్పుడు పాపిడి రెండు వేళ్ళ వెడల్పైంది. వచ్చే ఏటికి అసలు మిగులుతుందా అని అద్దం ముందు నిలబడ్డప్పుడల్లా పాపిడి వేళ్ళతో కొలుచుకునేది. ఎందుకు ఊడుతోందో తెలిస్తే చాలు, ఏమైనా చేసుకోవచ్చు. ఆ ఎందుకన్నదే ఎవరూ చెప్పలేదు.

చెప్పనివాళ్ళు లేరనుకోండి. బోరు నీళ్ళన్నారు. షాంపూలన్నారు. ఆడబిడ్డ "దిష్టి వదినా, సవరం పెట్టుకో" అంది. భర్త యోగేశ్‌కు పెద్ద బజారులో కిరాణా హోల్‌సేల్ కొట్టుంది. డేటు దగ్గరపడ్డ నూనె సీసాలు తెచ్చి "రుద్దుకో" అని బల్ల మీద పెట్టేవాడు. పప్పులో వెంట్రుక వస్తే రెండు వేళ్ళతో పైకెత్తి, "ఇయ్యాల కూర ఇదేనా, ఇంకోటి ఉందా?" అని అందరికీ చూపించేవాడు. ఆమె నవ్వేది. నవ్వకపోతే దానికింకో మాట. "టెన్షనేమో అండీ" అని ఓసారి నోరు జారింది. "నీకు టెన్షనేందే? కొట్టు చూసేది నేను, బ్యాంకుకు తిరిగేది నేను. ఇంట్లో కూచోని తినేదానికి టెన్షనంట!" అన్నాడు. ఇంట్లో కూచోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. నాలుగున్నరకు లేస్తే కాఫీలు, టిఫిన్లు, కొట్లో గుమస్తాలతో కలిపి తొమ్మిది మందికి వంట, పన్నెండింటికల్లా క్యారియర్లు. ఆయన తిన్నాక అత్తగారు, అత్తగారు తిన్నాక ఈవిడ. అప్పటికి మూడవుతుంది. గిన్నె అడుగున ఉన్న కూరతో నాలుగు ముద్దలు తిని, ఆకలి చావడానికి పైన గ్లాసుడు కాఫీ. సోమవారం, శనివారం ఒంటిపొద్దు. ఆ ఇంట్లో అది కోడలి వంతు. "ఇంటి కోడలు ఒంటిపొద్దుంటేనే కొట్లో లక్ష్మి నిలబడుద్ది" అని అత్తగారు పెళ్ళైన వారానికే చెప్పింది. పద్దెనిమిదేళ్ళుగా లక్ష్మి నిలబడే ఉంది. ఈవిడకే మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. నెలసరి అయితే పది రోజులు ఆగదు. ఆ మాట ఎవరితో అనాలో తెలియక, ఆడదానికి ఇదంతా మామూలే కాబోలని ఊరుకుంది.

ఆ మంగళవారం పదిన్నరకు మాబున్నీసా గంప దించింది. ముప్పాళ్ళ నుంచి వస్తుందామె. చిక్కు వెంట్రుకలు తీసుకుని స్టీలు సామాను ఇవ్వడం ముప్పై ఏళ్ళుగా ఆమె బతుకుతెరువు. శివపార్వతమ్మ కవరు తెచ్చి ముందు పడేసి, "ఈసారి చిన్న బిందె ఇయ్యాల్సిందే మాబున్నీ, బాగా పోగుపడింది" అంది.

మాబున్నీసా కవరును కాటాకు తగిలించలేదు. ఉండ ఒకటి విప్పి, వెంట్రుకల కొసలు ఎండలో పెట్టి చూసింది.

"ఎంతమందిది పెద్దమ్మా ఇది?"

"ఎంతమందేంది? మా కోడలొక్కదానిదే."

"ఒక్కదానిదా? పోయినసారి నేనొచ్చి రెండు నెల్లు కాలా! నలుగురాడోళ్ళున్న కొంపలో ఏడాదికి రాదమ్మా ఇంత." తలెత్తి వంటింటి గడపలో నిలబడ్డ హిమబిందును చూసింది. "ఏమ్మాయ్, కాన్పేమన్నా అయ్యిందా? విషజ్వరమొచ్చిందా? జొరాలొచ్చిన ఏడు, తగ్గిన రెండు మూడు నెల్లకు ఊరూరా జుట్టే జుట్టు. పచ్చి బాలింతలకీ అంతే, పోయిద్ది, మళ్ళా వొచ్చిద్ది. " హిమబిందు తల అడ్డంగా ఊపింది. "నీకవేం లేవంటున్నావు. మొకం చూడు, సున్నం కొట్టినట్టుంది."

"దాని మొకం మొదట్నుంచీ అంతేలే. బిందె ఇస్తావా ఇయ్యవా?"

"బిందె సంగతి తర్వాత. మనిషిని ఆస్పత్రికి తీసకపోకుండా ఊడిన జుట్టు నాకు తూకమేయిస్తన్నారేంది తల్లా?"

శివపార్వతమ్మ కవరు తన వైపుకు లాక్కుంది. గిన్నెలమ్ముకునే మనిషి అట్లా అడుగుతుందని ఆవిడ అనుకోలేదు. ఇంట్లో ఇంతమంది రోజూ తల చూసి నవ్వారు. వీధిన పోయే మనిషి ముఖం చూసింది. ఏమనుకుందో ఏమో, స్టవ్ కట్టేసి, "అత్తయ్యా, చారు పెట్టలేదు, చూసుకోండి" అని చెప్పులేసుకుంది. పద్దెనిమిదేళ్ళలో వంట మధ్యలో బయటికి రావడం అదే మొదలు. మాబున్నీసా గంప నెత్తికెత్తుకుని వెనకే నడిచింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ తల చూడకుండా ముందు కింది కనురెప్ప లాగి చూసింది. గోళ్ళు నొక్కి చూసింది. ఎన్నింటికి తింటావు, ఏం తింటావు, నెలసరి ఎన్ని రోజులు అని అడిగింది. పది రోజులు అనేసరికి పెన్ను కింద పెట్టింది. "చూడమ్మా, జుట్టు ఊడటానికి సవాలక్ష కారణాలుంటాయి. వంశంలో ఉంటే పాపిడి పలచబడుతుంది. థైరాయిడ్, పెద్ద జ్వరం, కాన్పు, గట్టిగా బిగించే జడ, కొన్ని మందులు, మనసులో దిగులు, ఏదైనా కావచ్చు. రోజుకు ఓ వంద ఊడితే మామూలే. నీకు మాత్రం ఒంట్లో రక్తం ఉన్నట్టు లేదు. సరిగ్గా తినక కొంత, ప్రతి నెలా కారిపోయి కొంత. దానికి తోడు తిన్న వెంటనే కాఫీ తాగితే, తిండిలో ఉన్న కాస్త ఐరనూ ఒంటికి సరిగా పట్టదు. ఉన్న రక్తాన్ని ఒళ్ళు గుండెకు దాచుకుంటుంది, జుట్టుకు ఎక్కడ మిగులుతుంది? ముందు టెస్టులు చేయించు, థైరాయిడ్ కూడా."

పక్క గదే ల్యాబు. ఇంద్రజ అనే అమ్మాయి రక్తం తీసింది. గంట తర్వాత కాగితంతో తనే పరుగున వచ్చింది. "ఆంటీ, మీరు నడిచొచ్చారా? హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ ఒకటి. పన్నెండు ఉండాలి." హిమబిందుకు ఆ అంకె అర్థమయ్యీ కానట్టుంది. సగం. ఒంట్లో ఉండాల్సిన దానిలో సగంతో ఈ పొద్దున తొమ్మిది మందికి వంట చేసింది.

రిపోర్టు పంపడానికి ఫోన్ నంబరు అడిగితే అలవాటుగా భర్తది చెప్పింది. రేషన్ కార్డుకీ గ్యాసుకీ ఆ ఇంట్లో ఆయన నంబరే. ఇంద్రజ అది కొట్టి, కంప్యూటర్ వంక చూస్తూ ఆగిపోయింది. "ఆంటీ, మీరు పోయినేడు వర్తక సంఘం వాళ్ళ క్యాంపులో టెస్టుకు రక్తం ఇచ్చారు గదా? కల్యాణ మండపంలో? ఇదిగో మీ పేరే. అప్పుడు ఎనిమిది పాయింట్ రెండు. ఆ క్యాంపు టెస్టులు చేసింది మేమే, ఆ రోజే ఈ నంబరుకు వాట్సాప్ పెట్టాం."

స్క్రీను ఆమె వైపు తిప్పింది. 'మీ భార్యకు రక్తం బాగా తక్కువగా ఉంది, వెంటనే డాక్టరుకు చూపించండి, విశ్రాంతి అవసరం' అని ఉంది. దాని కింద యోగేశ్ జవాబు. 'ఓకే. థ్యాంక్స్.' పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ.

హిమబిందు ఆ జోడించిన చేతుల వంకే చూసింది. ఆ రోజు ఆమె అడిగింది. బాగా గుర్తుంది, పెరుగు వడ్డిస్తూ అడిగింది. "నా టెస్టు ఏమొచ్చిందండీ?" అని. "నార్మలేలే. గుండ్రాయిలా ఉన్నావంట" అన్నాడు. అత్తగారు ఎదురుగా కూచుని నవ్వింది. మర్నాడు శనివారం. ఈవిడ ఒంటిపొద్దుంది. చెవుల్లో హోరు మొదలైంది. మాబున్నీసా రెక్క పట్టుకుని బెంచీ మీద కూలేసింది. హిమబిందు తన ఫోన్ తీసి భర్తకు చేసింది.

"ఏందే, క్యారియర్ రాలేదు, గుమస్తాలు కూచున్నారు. అమ్మేందో ఫోన్ చేసి ఏడుస్తంది. యాడున్నావ్?"

"పోయినేడు నా రక్తం రిపోర్టు మీకొచ్చిందా?"

అవతల తరాజు పళ్ళెం చప్పుడు వినపడుతోంది. "ఏ రిపోర్టు? ఆ... అదా. ఇప్పుడు దాన్ని ఎందుకు తవ్వుతున్నావ్?"

"వొచ్చిందా లేదా?"

"వొస్తే? చెల్లెలి గృహప్రవేశం నెత్తిమీదుండె. నలభై మంది చుట్టాలు దిగారు. అమ్మే అన్నది, చెప్పబాకురా, చెప్తే మంచమెక్కుద్ది, ఇంతమందికి ఎవరొండిపెడతారని. తర్వాత చెబుదామనుకున్నా, పనిలో పడి మర్చిపోయా. మనిషివి తిరుగుతానే ఉన్నావు గదా!"

తిరుగుతూనే ఉంది. అదీ నిజమే. ఏడవాలనిపించలేదు. తల్లీకొడుకులిద్దరూ కలిసి మాట్లాడుకున్నారు, ఒక నిర్ణయం చేసుకున్నారు, తర్వాత ఏడాది పొడుగునా ఈవిడ చేతి అన్నం తింటూ ఈవిడ తల మీద జోకులేశారు. ఎందుకు ఊడుతోందో ఆ ఇంట్లో ఈవిడొక్కదానికే తెలియదు. అవతల ఆయన "హలో, హలో" అంటుంటే, ఫోన్ కట్టెయ్యకుండా చెవి నుంచి కాస్త దించింది.

డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. "రెండు రోజులు ఉండాలమ్మా. రక్తం ఎక్కించాలి. స్కానింగ్ తీసి, బ్లీడింగు ఎందుకవుతోందో చూడాలి. జుట్టు మళ్ళీ వస్తుంది కానీ ఆరు నెలలు పైనే పడుతుంది. ముందు నువ్వు మిగలాలి. ఇంట్లో వాళ్ళను అడుగుతావా?"

"అడగక్కర్లేదండీ, ఉంటాను" అంది హిమబిందు. తర్వాత ఇంద్రజ వైపు తిరిగి, "ఆ నంబరు తీసెయ్యమ్మా. నాది రాసుకో" అని ఒక్కో అంకె నెమ్మదిగా చెప్పింది. ఫోన్‌లో యోగేశ్ వింటూనే ఉన్నాడు.

"రెండు రోజులా? మరి ఇంట్లో వంట? ఇంతకీ ఏమొచ్చిందంట ఈసారి?"

"ఈసారి రిపోర్టు నాకొస్తదండీ. మీకు చెప్పాలో వొద్దో, నేను ఆలోచించుకుంటా" అని ఫోన్ పెట్టేసింది.

అమ్మా, అయ్యా, ఇదీ సంగతి. మగవాళ్ళు ఎవరైనా వింటుంటే, ఇది పక్కవాళ్ళకు పంపేముందు మీ ఫోనులో ఇంట్లో ఆడవాళ్ళ రిపోర్టులు ఏమైనా పడి ఉన్నాయేమో ఓసారి వెతకండి. అవి వాళ్ళ చేతిలో పెట్టి, అప్పుడు ఈ కథ పంపండి. సొంత ఫోను లేని తల్లి మీ వీధిలో ఉంటే మాత్రం, పక్కన కూర్చుని మీ ఫోనులో ఇది వినిపించండి.