వజ్రమ్మ పిలిచిన చుట్టం

నాలో ఉన్న గొప్ప గుణం వినయం. గుజరాతీ నాకు బాగా వచ్చని నేను ఎవరితోనూ అనను. ఆ మాట వాళ్లే అనేదాకా గుజరాతీలో మాట్లాడుతూ ఉంటాను, అంతే. బడి మొహం పెద్దగా చూడకుండా, చీరల అట్టపెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న భాష మరి. కోసాడ్ క్వార్టర్లలో మా తెలుగువాళ్లకు ఏ ఆఫీసు పని పడ్డా నన్ను వెంటబెట్టుకుపోతారు. పని కాకపోతే ఆఫీసుదే తప్పు.

మా కింది అంతస్తు వజ్రమ్మది వేరే దారి. పొద్దున్నే అన్నం డబ్బా కట్టుకుని, సిటీ బస్సెక్కి, తాపీ నది దాటి, పాండేసరలో రంగుల మిల్లుకు పోయేది. అక్కడ బొగ్గు బాయిలర్ పొట్టలోంచి బూడిద లాగి, తట్టలకెత్తి బయట పోయడం ఆమె పని. ముత్యం, నర్సవ్వ, ఇంకొందరు ఆడవాళ్లదీ అదే పని. అందరూ ఠేకేదారు మనుషులు, అంటే కాంట్రాక్టు కూలీలు. మిల్లు హాజరు పట్టీలో ఒక్కరి పేరూ ఉండదు. మేనేజరు అందర్నీ ఒకే పేరుతో పిలిచేవాడు: "ఏయ్ రాఖ్‌వాలీ!" బూడిదామె అని. ఎవర్ని పిలిచాడో తెలియక అందరూ పలికేవాళ్లు.

ఈ ఏడు మిల్లు బొగ్గు మానేసి కరెంటు బాయిలర్ పెట్టింది. బొగ్గు మానిన మిల్లుకు సర్కారు సాయం ఉంది. పని పోయినవాళ్లకు కొన్నాళ్లు భత్యమిచ్చి, కొత్త పని నేర్పిస్తారు. ఠేకేదారు మనుషులకూ ఇస్తారు గానీ, వాళ్లు అక్కడ పనిచేశారని మిల్లు చెప్పాలి. మిల్లు చెప్పలేదు.

ఆఖరి రోజు వజ్రమ్మ బాయిలర్ తలుపుకు బొట్టు పెట్టింది, ఏటా దసరాకు పెట్టినట్టే. తలెత్తి దాని చిమ్నీని, ఆ పొడుగాటి పొగగొట్టాన్ని, చూసింది. ఎవరి దగ్గర సెలవు తీసుకున్నా మనవాళ్లు ఉత్తినే రారు కదా, నోటిమర్యాదకు ఒక మాట అంటారు. ఆమె కూడా అంది.

"పోయొస్త. జర మా ఇంటి దిక్కు రారాదు."

నోటిమర్యాద చిమ్నీకేం తెలుసు? వచ్చేసింది. వజ్రమ్మ బస్సు వంతెన మీద, చిమ్నీ కింద తాపీలో నడుముదాకా నీళ్లలో. అమ్రోలీ దగ్గర ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తితే ఆగింది, దించితే కదిలింది. వచ్చి మా బిల్డింగు పక్కన నిలబడింది.

మర్నాటికి బట్టలారేసే తాడు ఒక కొస దానికి కట్టేశారు. సొసైటీ సెక్రెటరీ వచ్చి మెయింటెనెన్సు అడిగాడు.

"సుట్టానికి గూడ మెయింటెనెన్సు కడ్తరా?" అంది వజ్రమ్మ. అతను వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా మేనేజరు కారు దిగాడు. పాత చిమ్నీ విప్పేయడం సర్కారు ఆఫీసరు చూస్తేనే మిల్లుకు సాయం. మిల్లులో చూద్దామంటే చిమ్నీ లేదు.

"దీన్ని పొమ్మని చెప్పు" అన్నాడు హిందీలో. నేను తెలుగు చేశాను, వజ్రమ్మకు హిందీ నాకన్నా బాగా వచ్చినా.

"పిలిచిన సుట్టాన్ని ఎవలన్న పొమ్మంటరా? నువ్వే పిలువు. వస్తే తోల్కపో."

మేనేజరు పిలిచాడు. హిందీలో, గుజరాతీలో. ఆఖరికి ఈల కూడా వేశాడు. దాని తాడు మీద ఆరేసిన లంగా ఒకటి గాలికి ఊగింది.

"ఏం కావాలి నీకు?"

"ఆఫీసరు ముంగట చెప్పు, గీ బూడిద ఎవలెత్తిన్రో."

"నువ్వెవరో నాకు తెలీదు. నిన్నెప్పుడూ చూడలేదు."

"గట్లనా. తెలువనోళ్ల ఇంటికి ఎందుకొచ్చినవ్ మరి?"

మర్నాడు ఆడవాళ్లంతా ఆ సాయమిచ్చే ఆఫీసుకు బయల్దేరారు. ముందర నేను, వెనక చిమ్నీ. మేనేజరు అప్పటికే అక్కడున్నాడు. ఆఫీసరు ముందు నేను గుజరాతీలో ఘనంగా మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా చాలాసేపు విని, "తెలుగులో చెప్పండి. మాది తణుకు" అన్నాడు. పేరు వరప్రసాద్. బల్ల ముందు కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. దాని పక్కన నేను నిలబడ్డాను.

గదిలో చిమ్నీ నీడ పడింది. ఆఫీసరు లైటు వేయించుకుని కిటికీలోంచి చూశాడు.

"ఎవరిదది?"

"మాదే సార్" అన్నాడు మేనేజరు.

"మీదైతే ఈవిడ వెంట తిరుగుతుందేంటి?"

ఆమె ఎవరో తెలీదంటే మేనేజరుకు చిమ్నీ తనది కాకుండా పోతుంది. "దాని బూడిద... ఈమే తీసేది సార్. వాళ్లూనూ."

"పేర్లు?"

మేనేజరు దగ్గర పేర్లెక్కడివి? వజ్రమ్మ వైపు చూశాడు.

"గిన్నేండ్లు పిలిచినవ్ గద" అంది వజ్రమ్మ. "యాది చేస్కో."

చివరికి లేచి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, "ఆప్ కా నామ్?" అని అడిగాడు. ఆప్! మీరు అని! ముత్యం వరండా అంతా వినపడేలా చెప్పింది. నర్సవ్వ మళ్లీ అడిగించుకుని చెప్పింది. వజ్రమ్మ అందరికన్నా వెనక చెప్పింది.

"సరేనమ్మా" అన్నాడు ఆఫీసరు. "అందరికీ భత్యం వస్తుంది. కుట్టు మిషను నేర్పిస్తాం."

వజ్రమ్మ ముందుకొచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూచుంది. ఎవరూ కూచోమనలేదు.

"కుట్టుమిషిని నాకొద్దు సార్. బాయిలర్ పొట్టల చేతులు వెట్టి బతికిన. కొత్తదాన్ని నడుపుడు నేర్పియ్యున్రి."

"అది మగవాళ్ల పనమ్మా."

"బూడిదెత్తుడు ఆడోళ్ల పనని ఎవల్ని అడిగి పెట్టిన్రు?"

"లేవమ్మా, వెనక జనం ఉన్నారు."

"లేవ."

బయట చిమ్నీ కూడా కూచుంది. నీడ తొలగి ఆఫీసరు మొహాన ఎండ కొట్టింది. దాని అడ్డుతో గేటు మూసుకుపోయి ఆఫీసరు జీపు లోపలే ఉండిపోయింది. భోజనాల వేళ దాటింది. వజ్రమ్మ డబ్బా విప్పి, "తింటరా సార్?" అని అడిగింది, అదీ నోటిమర్యాదకే. ఆఫీసరు డబ్బా వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. తర్వాత గుమస్తాను పిలిచి, "బాయిలర్ శిక్షణలో ఈవిడ పేరు వేయండి" అన్నాడు. పేరు మళ్లీ అడగలేదు.

జీపు పోయేంత మేరకు చిమ్నీ పక్కకు జరిగింది. అక్కణ్నించి మరి లేవలేదు. మిల్లులో చిమ్నీ లేదని ఆఫీసరు రాసేశాడు, అబద్ధమేం కాదుగా. పని మీద వచ్చినవాళ్లు ఇప్పుడు దాని నీడలో స్కూటర్లు పెట్టుకుంటారు. వజ్రమ్మ కొత్త బాయిలర్ ముందు కుర్చీలో కూచుని మీటరు ముల్లు చూస్తుంది. మేనేజరు గుమ్మంలోంచే "వజ్రమ్మబెన్" అంటాడు, మనం అక్కగారూ అన్నట్టు.

నేను ఇంకా ఎవరో ఒకరి పని మీద ఆ ఆఫీసుకు పోతూనే ఉన్నాను. గుజరాతీ దంచేస్తాను. బల్ల ముందు కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఎవరూ చెప్పకుండా అందులో కూచోవడం నాకింకా రాలేదు.