మట్టక్క గది

మూడో బకెట్లో నీళ్ళు తేటగా ఉన్నాయో లేదో మట్టక్క వంగి చూసుకుంది. మొదటి బకెట్లో సబ్బునీళ్ళు, రెండోదాంట్లో కుళాయి నీళ్ళు, మూడోదాంట్లో ల్యాబు నుంచి క్యానుల్లో తెచ్చుకున్న శుద్ధమైన నీళ్ళు. ఉక్కు గొట్టాన్ని వరసగా మూడింట్లోనూ ముంచి, పొడుగు బ్రష్షుతో లోపల తోమి, ఎండకెత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి గొట్టంలోంచి ఆకాశాన్ని చూసింది. ఎక్కడా రేణువు లేదు. ఒక గుంతలో మట్టి ఇంకో గుంత మట్టికి అంటకూడదు. అంటిందంటే రెండో గుంత చెప్పేదంతా అబద్ధమే.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు," అన్నాడు యంత్రం మీద కూర్చున్న డ్రిల్లు మేస్త్రి. "మనకేమో రెండిటికీ కలిపి జీతమిస్తున్నారు."

అతను రోజూ అనే మాటే అది. ఆమె రోజూ నవ్వినట్టే నవ్వింది.

ఆమెకి యాభై ఏడేళ్ళు. పొట్టి మనిషి. మోకాళ్ళు కొద్దిగా బయటికి వంగి ఉంటాయి. మోచేతుల దాకా చర్మం ఒక రంగు, అక్కణ్ణుంచి పైకి ఇంకో రంగు. మట్టి పరీక్షల కంపెనీలో సీసాలు కడిగే పిల్లగా చేరి, ఒకరోజు బయటి పనికి వెళ్ళాల్సినవాడు జ్వరంతో పడుకుంటే బదులుగా వెళ్ళి, అలా బయటే ఉండిపోయింది. 'మట్టి తీసే అక్క' అని మొదలుపెట్టి, పలకడానికి బద్ధకించి 'మట్టక్క' చేశారు. మట్టి పట్టుకుంటే బంగారమయ్యేవాళ్ళ సంగతి ఏమోగాని, ఆమె పట్టుకున్నది ముప్ఫై మూడేళ్ళుగా మట్టిగానే ఉంది.

ఇప్పుడు పని చేస్తున్న నేల ఒకప్పటి బ్యాటరీల ఫ్యాక్టరీది. పైకప్పు రేకులు ఎవరో ఎప్పుడో పట్టుకుపోయారు. స్తంభాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి, పెళ్ళివారు వెళ్ళిపోయినా తీయని పందిరి గుంజల్లాగా. నేలమీది కాంక్రీటు పగుళ్ళలో గడ్డి మొలిచింది, ఒక మూల మాత్రం అది కూడా మొలవలేదు. గేటు దగ్గర పెద్ద బోర్డు: నీలి ఆకాశం, ఎత్తయిన ఇళ్ళు, ముందు ఉయ్యాల ఊగుతున్న పిల్ల. ఆ ఇళ్ళు కట్టకముందే నేల సంగతి తేలాలి. అందుకే ఈ గుంతలు. గీసిన పటం ప్రకారం ఇవాళ చివరిది మిగిలింది. అది సరిగ్గా ఆ ఉయ్యాల వచ్చేచోట.

పొద్దున చెప్పులేసుకుంటుంటే తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. అచ్చాఫీసులో పని చేసే మనిషి, గోళ్ళలో సిరా ఎప్పుడూ ఉంటుంది. "అక్కా, ఆ కొత్త ఇంటి కాగితాల మీద సాయంత్రం సంతకం పెట్టమంటున్నారు. నువ్వు ఆ నేల మీదే కదా పని చేస్తున్నావు. మంచిదేనా? ఒక్క మాట చెప్పు చాలు," అన్నాడు.

"సాయంత్రం రానీ," అని ఆమె బస్సుకి పరిగెత్తింది.

వాళ్ళుండేది రెండు గదుల అద్దె ఇల్లు. వెనక గదిలో తమ్ముడు, మరదలు, తొమ్మిదేళ్ళ మేనకోడలు. ముందుగదిలో బీరువాకీ కిటికీకీ మధ్య మట్టక్క మడత మంచం. ఎవరైనా చుట్టాలొస్తే మంచం మడిచి నిలబెడుతుంది. వాళ్ళు వెళ్ళేదాకా తనూ నిలబడే ఉంటుంది. కొనబోయే ఇంట్లో మూడు పడకగదులు. మూడోది వదినకే కావాలని పట్టుబట్టింది మరదలు. చిన్న ఇల్లు చాలు, అప్పు తగ్గుతుందని తమ్ముడంటే వారం రోజులు అతనితో మాట్లాడలేదు. "ఆవిడ మంచం ఇంకెన్నాళ్ళు మడుస్తుంది?" అని మరదలు అనడం మట్టక్క గోడ ఇవతల నుంచి విన్నది. ఆ రాత్రి ఆమెకి చాలాసేపు నిద్ర పట్టలేదు. తలుపేసుకోగల గది. తలుపేసుకుని ఏం చేయాలో తెలియక, ముందుగా కాళ్ళు బార్లా చాపుకోవాలనుకుంది.

యంత్రం మొదలైంది. మేస్త్రి కాంక్రీటు పగలగొడుతూ ఏదో రాగం తీస్తున్నాడు. ఇంజనీరు పక్కనే నిలబడ్డాడు. కుర్రాడే, ఈమధ్యే తండ్రయ్యాడు. నిద్ర చాలక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మొదటి గొట్టంలో అడుగు మందాన మంచి ఎర్రమట్టి వచ్చింది. ఎక్కడినుంచో తెచ్చి పోసింది. తర్వాతి గొట్టం పైకి రాగానే మేస్త్రి రాగం ఆగిపోయింది. మట్టక్క గొట్టాన్ని రెండు చెక్కలుగా విప్పి ప్లాస్టిక్ పట్టా మీద పరిచింది. లోపల నల్లటి పెంకులు. పాత బ్యాటరీల డొక్కులు పగలగొట్టి పూడ్చినవి. వాటి మధ్య బూడిదలాంటి పొడి, అక్కడక్కడ పసుపు చారలు. పుల్లటి ఘాటు ముక్కుకి తగిలింది. మూడో గొట్టంలోనూ అదే, నాలుగోదాంట్లోనూ అదే.

ఆమె చేతి తొడుగులు మార్చుకుంది. చిన్న గరిటెతో తీసి సీసాలో నింపి, అంచుకి అంటిన రేణువులు గుడ్డతో తుడిచి, మూత బిగించి, పేరు రాసి ఐసు పెట్టెలో పెట్టింది. మళ్ళీ తొడుగులు మార్చుకుంది. అన్నేళ్ళలోనూ ఆమె చేతులు ఏ సీసాకీ ఎక్కువ తొందరపడలేదు. ఇవాళ మూత ఒకటి మాత్రం మర తప్పి పడింది. తీసి మళ్ళీ బిగించింది.

ఇంజనీరు ఫోను మోగింది. బిల్డరు తరఫు మనిషి. ఇంజనీరు కాసేపు విని, ఫోను చేత్తో మూసి, "గుంత కాస్త పక్కకి జరపమంటున్నారు. కింద పైపులున్నాయట," అన్నాడు.

"జరిపితే పోలా?" అన్నాడు మేస్త్రి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు బాబూ?"

ఇంజనీరు ఆ బూడిద వంక చూశాడు. తర్వాత దూరంగా బోర్డు మీది ఉయ్యాల వంక చూశాడు. "ఇక్కడే కానివ్వండి. ఈ పూడిక దాటి అసలు నేల తగిలేదాకా," అని, ఫోన్లో కూడా అదే మాట మర్యాదగా చెప్పి పెట్టేశాడు. అతని మెడ చెమటతో తడిసిపోయింది.

మధ్యాహ్నం దాటాక అసలు నేల తగిలింది. సామాన్లు సర్దుతుంటే ఇంజనీరు ఇద్దరినీ పిలిచాడు.

"ఇది తవ్విపోసి శుభ్రం చేయాలంటే ఏళ్ళు పడుతుంది. బిల్డరు వాళ్ళు ఒప్పుకోకుండా పోట్లాడతారు కూడా. సీసం కదా, పిల్లల బుర్రని తినేస్తుంది. అందుకే చెప్తున్నా, రిపోర్టు వెళ్ళేదాకా బయట ఒక్క మాట అనకండి. ఇంట్లో కూడా. ముందే పొక్కిందంటే, మట్టి తీసినవాళ్ళకేదో స్వార్థం ఉందంటారు, అసలు రిపోర్టే చెల్లదంటారు."

"అంటే మన నోట్లోనే మట్టి," అన్నాడు మేస్త్రి.

"మన సంగతి సరే. ఇక్కడ ఇళ్ళు కొనేవాళ్ళందరి నోట్లో," అన్నాడు ఇంజనీరు.

మట్టక్క తలూపింది. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని కడుక్కుంది. ఇవాళ రెండోసారి కూడా రుద్దుకుంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎప్పుడైనా పని ఇలా ముగిసినరోజు ఆమెకి ఒక మనిషి గుర్తొస్తాడు. ఒకప్పుడు ఆమెను చూడ్డానికి వచ్చాడు, గడియారాలు బాగుచేసేవాడు. ఆమె గోళ్ళలో మట్టి చూసి, తన గోళ్ళలో నూనె చూపించి నవ్వాడు. దూరంగా వేరే ఊళ్ళో దుకాణం పెట్టుకుంటున్నానని, వస్తావా అని అడిగాడు. తల్లి పోయి తమ్ముడు ఆమె చేతికింద పెరుగుతున్న రోజులవి. వాడి చదువు ఒక ఒడ్డుకి చేరనివ్వమంది. అతను ఆగాడు కూడా, పాపం, ఏడాదిపైనే. ఆ తర్వాత వేరే పెళ్ళి చేసుకున్నాడని తెలిసింది. ఆమెకి కోపం రాలేదు. ఎక్కకుండా వదిలేసిన బస్సు మీద కోపమేముంటుంది?

ఇల్లు చేరేసరికి మేనకోడలు వీధిలోనే ఎదురొచ్చింది. మట్టక్క ఎప్పట్లాగే రెండు చేతులూ పైకెత్తి, దొంగలాగా గోడవారగా నడిచి, స్నానాల గదిలోకి పోయింది. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ అంతే. ఒళ్ళు తోముకోకుండా పిల్లని ముట్టుకోలేదు. బయటికి వచ్చాక మాత్రం ఇవాళ పిల్లని దగ్గరికి లాక్కుని, తల మీద గడ్డం ఆనించి, కాసేపు వదల్లేదు.

"అత్తా, ఊపిరాడట్లేదు," అంది పిల్ల.

బల్ల మీద కాగితాలు, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. "చెప్పక్కా," అన్నాడు తమ్ముడు.

"నాకు ఆ గది వద్దురా."

తమ్ముడికి అర్థం కాలేదు. "నేనడిగింది నేల గురించి."

"నేల సంగతి నాకేం తెలుసు. సీసాల్లో నింపుతాను, అంతే. నాకు మాత్రం అక్కడ వద్దు. ఐదో అంతస్తు. కళ్ళు తిరుగుతాయి."

వంటింట్లోంచి మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎన్నేళ్ళుగానో అంతంత లోతు గుంతల్లోకి తొంగి చూస్తున్నారు. అప్పుడు తిరగని కళ్ళు ఇప్పుడెందుకు తిరుగుతాయి వదినా?"

"కింద ఉన్నది చూస్తే తిరగవమ్మాయ్. పైనుంచి చూస్తేనే."

మరదలి మొహం ముడుచుకుపోయింది. "మీ గది కోసం నేనీయనతో ఎంత పోట్లాడానో మీకు తెలీదు."

"తెలుసు," అంది మట్టక్క. తమ్ముడి వైపు తిరిగింది. "నిన్నెప్పుడైనా ఏమైనా అడిగానా?"

"లేదు."

"ఇప్పుడడుగుతున్నా. అక్కడ కొనకు. ఇంకెక్కడైనా చిన్నది చూసుకో. రెండు గదులు చాలు. ముందుగదిలో ఉంటే నాకు వీధి కనబడుతుంది, పొద్దుపోతుంది. పెద్దదాన్ని, నా చాదస్తం అనుకో."

తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఆమె చేతులకేసి చూశాడు. రెండుసార్లు రుద్దిన చోట చర్మం కందిపోయి ఉంది. అతనేదో అడగబోయి, నేలమీద కూర్చుని బొమ్మ గీసుకుంటున్న కూతుర్ని చూసి, పెన్ను మూత పెట్టేశాడు.

మరదలు మాత్రం చాలారోజులు ఆమెతో ముభావంగానే ఉంది. కంచం పెట్టేది, కావలసింది అడిగేది, అంతకుమించి మాట లేదు. చేయి చాచి ఇచ్చింది వద్దంటే ఎవరికైనా అంతే ఉంటుంది. మట్టక్క ఆ మౌనాన్ని కూడా ఐసు పెట్టెలో సీసాలా జాగ్రత్తగా మోసింది, ఎక్కడా ఒలకనివ్వలేదు.

వర్షాలు వచ్చి వెళ్ళాయి. వాళ్ళు ఊరికి అవతలి వైపు, పాత మేడ కింది భాగంలో రెండు గదుల ఇల్లు కొనుక్కున్నారు. ఒకరోజు భోజనాల దగ్గర తమ్ముడు మామూలుగా అన్నాడు, "ఇవాళ ఆ ఫ్యాక్టరీ మీదుగా వచ్చాను. చుట్టూ రేకులు కట్టేశారు. మట్టిని లారీల్లో మోస్తున్నారు, మీద పట్టాలు కప్పి. బుక్ చేసుకున్నవాళ్ళకి డబ్బులు తిరిగిస్తున్నారట."

"అలాగా," అంది మట్టక్క, ముద్ద కలుపుకుంటూ.

మరదలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె వదిన వంక చాలాసేపు చూసింది. వంగి ఇంకాస్త వడ్డించబోయింది. మట్టక్క చాలంది. "తినండి వదినా," అని వడ్డించేసింది. ఆ రాత్రి నుంచి ముందుగదిలో మంచం వేసేదీ తీసేదీ మరదలే.

ఆ మరుసటి ఏడాది, ఒక ఆదివారం పొద్దున, మట్టక్క తలస్నానం చేసి, ముందుగది కిటికీ దగ్గర కుర్చీలో జుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చుంది. వీధిలో ఎవరో సైకిలు నేర్చుకుంటున్నారు. వెనక గదిలోంచి మేనకోడలు ఏదో లెక్క అడిగింది. "ఉండవే, గుర్తు తెచ్చుకోనీ," అంది మట్టక్క. పిల్ల కాసేపు ఆగి మళ్ళీ అడిగింది. ఇంకాసేపటికి పుస్తకం పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. అత్త తల కిటికీ చట్రానికి ఆనించి, వీధి చూస్తున్నట్టే ఉంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

చివరి చూపుకి ఇంజనీరు వచ్చాడు. మేస్త్రి కూడా వచ్చి, గుమ్మం బయట కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని గాని లోపలికి అడుగు పెట్టలేదు. "అక్క ఒప్పుకోదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

అందరూ వెళ్ళాక తమ్ముడు మంచం మడిచి గోడకి నిలబెట్టాడు. మరదలు కాసేపుండి వచ్చి, దాన్ని మళ్ళీ పరిచి, దుప్పటి వేసింది. కుర్చీని మాత్రం ఎవరూ కదపలేదు. దాని వెనక కిటికీ ఊచల మధ్య ఆమె గుచ్చిపెట్టిన దువ్వెన అలాగే ఉంది. పళ్ళలో చిక్కుకున్న రెండు తెల్లటి వెంట్రుకలు, వీధిలోంచి గాలి వచ్చినప్పుడల్లా ఇంట్లోకి లేస్తున్నాయి.