చెవి వెనుక తుమ్మెద

నేను ఒక శ్రుతిదండాన్ని. డాక్టర్లు ట్యూనింగ్ ఫోర్క్ అంటారు. రెండు కొమ్ముల ఉక్కు, కింద ఒక కాడ. అంతకు మించిన రూపం నాకు లేదు. అంబాలాలోని ఒక కార్ఖానాలో నన్ను ఆకురాయితో అరగదీసి, తట్టితే సెకనుకు సరిగ్గా అయిదువందల పన్నెండు సార్లు కంపించేటట్లు చేశారు. ఆ అంకె నా కాడ మీద చెక్కి ఉంది. ఎదుటివారిని బట్టి స్వరం మార్చడం నాకు చేతకాదు.

మొదట కరీంనగర్‌లో ఒక కళాశాల ప్రయోగశాలకు చేరాను. విద్యార్థులు నన్ను బల్లకు కొట్టి, రికార్డులో మాత్రం రబ్బరు దిమ్మెకు కొట్టామని రాసేవారు. ఆ ప్రయోగశాల మూతపడినప్పుడు, ఒకనాడు అక్కడే చదివి చెవి వైద్యురాలైన సులోచనగారు నన్ను తమ ఆసుపత్రికి తెచ్చుకున్నారు.

అక్కడికే ఒక ఉదయం సిరిసిల్ల నుంచి లచ్చయ్య, కనకవ్వ తమ ఏడేళ్ల కూతురు మంజులను తీసుకొచ్చారు. వాళ్లింట్లో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, పగలంతా ఆడుతుంటాయి.

“చెవులకేం రోగం లేదు డాక్టరమ్మా. ఇంట్ల ఎవ్వలు పిలిచినా పలుకుతది. బడిల సారే, మొద్దు పిల్ల, టీసీ తీస్కపొమ్మన్నడు,” అన్నాడు లచ్చయ్య, బయట వరుసలో కూర్చున్నవారందరికీ వినిపించేటట్లు.

“ఈ నడుమ నడుసుకుంట తూలుతున్నది గూడ,” అంది కనకవ్వ, పిల్ల మెడలోని తాయెత్తును సవరిస్తూ.

“ఇంట్ల ఎట్ల పిలుస్తరు?” అని అడిగారు డాక్టరుగారు.

లచ్చయ్య చెయ్యి తల మీదికెత్తి రెండుసార్లు ఊపి, నోరంతా తెరిచి పేరు పెట్టి పిలిచాడు. పిల్ల వెంటనే చూసింది. సాంచాల ఇంట్లో అందరూ అలాగే మాట్లాడుకుంటారు: ముందు చెయ్యి, తరువాత పెదవులు, చివర గొంతు. ఎవరి మాటా ఎవరికీ వినపడని చోట, వినపడని పిల్లను పోల్చుకునేదెవరు?

డాక్టరుగారు చీటీతో నోటిని కప్పుకొని, మామూలు గొంతుతో “మంజులా” అన్నారు. పిల్ల గోడమీది క్యాలెండరునే చూస్తూ ఉంది. కనకవ్వ చెయ్యి తాయెత్తు మీద బిగుసుకుంది.

“ఇగ ఎప్పటికీ ఇనపడదా అమ్మా?”

జవాబు చెప్పే ముందు డాక్టరుగారు నన్ను అందుకున్నారు. రబ్బరు దిమ్మెకు తట్టి, మంజుల చెవి ముందు పట్టుకున్నారు. పిల్ల తల అడ్డంగా ఊపింది. మళ్లీ తట్టి, నా కాడను చెవి వెనుక ఎముకకు ఆనించారు. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

“తుమ్మెద,” అంది. “లోపల తిరుగుతున్నది.”

గాలి దారిన చేరని శబ్దం ఎముక దారిన చేరిందంటే, లోపలి నరం మెలకువగానే ఉందన్నమాట. అడ్డు ఎక్కడో దారిలో ఉంది. డాక్టరుగారు దీపం వేసి చెవిలోకి చూశారు.

“నరం మంచిగున్నది కనకవ్వా. చెవి తెర ఎనుక నీళ్లు నిలిచినయ్. తూలుడు గూడ దానివల్లనే కావచ్చు. కొన్ని దినాలు చూద్దాం. తగ్గకపోతే సన్న గొట్టం పెడ్త.”

అంతవరకు నిలబడే ఉన్న కనకవ్వ అప్పుడు కూర్చుంది.

గుండె తేలికపడ్డ లచ్చయ్యకు సరదా పుట్టింది. “గట్లయితే ఆ తుమ్మెదను నేను గూడ ఇంట,” అని చెవి చూపించాడు. కొద్దిసేపటికే “ఆగింది” అన్నాడు. డాక్టరుగారు నన్ను తమ చెవి దగ్గర పెట్టుకున్నారు. నేను ఇంకా మోగుతూనే ఉన్నాను. చెవి వెనుక ఎముకకు ఆనించినా అంతే, అతనికే ముందు ఆగింది.

“నీది నీళ్లు కాదు లచ్చయ్యా. సాంచాల చప్పుడు నరాన్ని తిన్నది. పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలె.”

“పదేండ్ల సంది నా మాట కావాల్ననే ఇంటలేడనుకున్న,” అంది కనకవ్వ.

“సగం కావాల్ననే,” అన్నాడు లచ్చయ్య.

మూడు నెలలు చూసినా నీళ్లు తగ్గలేదు. రెండు చెవులకూ సన్నని గొట్టాలు అమర్చారు. మంజుల ఇంటికి వెళ్లి, ఆడుతున్న సాంచాల ముందు చెవులు మూసుకొని, “ఇవి ఎప్పుడూ గిట్లనే మొత్తుకుంటయా?” అని అడిగిందట. ఆ మాటతో లచ్చయ్య చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండు జతలు పోగొట్టుకున్నాక, కనకవ్వ మూడో జతను దారానికి కట్టి అతని మెడలో వేసింది. తాయెత్తుల మీద నాకు నమ్మకం లేదు. దీని విషయంలో మాత్రం అభ్యంతరం లేదు.

ఏళ్లు గడిచాయి. గొట్టాలు వాటంతట అవే రాలిపోయాయి. ఆసుపత్రికి వినికిడిని కొలిచే యంత్రం వచ్చింది. నేను సొరుగులో పాత టార్చిలైటు పక్కకు చేరాను. ఒకరోజు మంజుల పరీక్ష కోసం వచ్చింది. ఇప్పుడు తరగతిలో వాగుడు ఎక్కువైందని అదే సారు చీటీ పంపారట. లచ్చయ్య దాన్ని మడతపెట్టి జేబులో దాచుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. డాక్టరుగారు సొరుగు లాగారు.

ఈసారి ముందుగా నన్ను తమ చెవి దగ్గరే పట్టుకున్నారు. ఆమె జుట్టు నెరిసింది. నా మోత సన్నగిల్లి, తనకు ఇక వినిపించదనిపించిన క్షణాన, నన్ను మంజుల చెవి ముందుకు మార్చారు.

పిల్ల వేలెత్తింది.

“ఇంకా ఉన్నది,” అంది.

నా మోత పూర్తిగా ఆగాకే ఆ వేలు దిగింది.