చప్పుడు చాటున

ఆదివారం పొద్దున్నే ఇంత కుట్టుపని ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో వీధిలో ఎవరికీ అంతుపట్టదు. వారమంతా బేరాల్లేక ఈగలు తోలుకునే మిషనక్క, ఆ ఒక్క పూట మాత్రం కొంపలంటుకున్నట్టు మిషను తొక్కుతుంది.

అసలు సంగతేమిటంటే, ఆ సమయంలో లోపలి గదిలో ఆమె అత్తగారితో సహా ఓ పదిమంది క్రైస్తవులు చాప మీద కూర్చుని, గొంతు తగ్గించి పాటలు పాడుకుంటారు. ఆ పాట గోడ దాటకుండా ఈమె బయటి గదిలో మిషను తొక్కాలి. పోయినేడు ఇలా పాడుకున్నందుకే పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేశారు. అనుమతి లేకుండా ఇంట్లో ప్రార్థన పెట్టిందని ఆమె మీద కేసు పడింది. మళ్ళీ జనాన్ని చేరిస్తే నేరుగా జైలుకేనని చెప్పి మరీ బెయిలిచ్చాడు జడ్జి. అప్పట్నుంచి కోర్టు చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతోంది, ఆ అరిగిన కాళ్ళతోనే ఈ మిషనూ తొక్కుతోంది. తన ఇంట్లో పాటకు తనే పరాయిదైపోయింది. దేవుడి మీద కోపం లేదు గానీ, అలసట మాత్రం ఎముకల్లోకి దిగిపోయింది.

ఆ ఆదివారం గుమ్మంలోకి ఇంటి ఓనరమ్మ వచ్చింది, వెనకే కానిస్టేబులు. ఓనరమ్మ చెడ్డదేం కాదు, భయస్తురాలంతే. ముందే అందుకుంది.

"లోపలున్నవాళ్ళు బట్టల కొలతలకి వచ్చారు సార్. అంతే కదమ్మా?"

కానిస్టేబులు మిషను వైపు చూశాడు. సూదికి దారం లేదు, కింద గుడ్డా లేదు. పొద్దుటి హడావిడిలో మిషనక్క ఆ రెండూ మరిచిపోయింది. అతను చూసీ చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

"అవునని ఒక్క మాటనండమ్మా, నా దారిన నేను పోతాను. రాత్రంతా డ్యూటీ, ఇంటికెళ్ళి పడుకోవాలి."

అవునంటే సరిపోయేది. కానీ వచ్చే ఆదివారం మళ్ళీ తొక్కాలి, ఆ పై ఆదివారమూ తొక్కాలి, ఎవరొచ్చినా మళ్ళీ అవుననాలి. తలుచుకుంటేనే ఆమెకు నీరసం వచ్చింది. ధైర్యమని తర్వాత నలుగురూ చెప్పుకున్నారు గానీ, నిజానికి ఆమెకు ఇంకో అబద్ధమాడే ఓపిక లేదు.

"కొలతలు కాదండీ. ప్రార్థన చేసుకుంటున్నాం. పిలిచింది నేనే, వాళ్ళనేం అనకండి."

ఓనరమ్మ నెత్తి కొట్టుకుంది. "నీకేం పోయేకాలమే తల్లీ, మాట నోటిదాకా అందిస్తే..."

"పదండి మరి," అన్నాడు కానిస్టేబులు నిట్టూర్చి.

ఆమె మిషను ముందు నుంచి లేచింది. మోకాళ్ళు పట్టేశాయి.

"వస్తానండి. లోపల పాట సగంలో ఆగింది. అదయ్యేదాకా కూర్చుంటారా? వాళ్ళతో కలిసి పాడి ఏడాదైంది."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "కానివ్వండి."

లోపల అందరూ బిక్కచచ్చి ఉన్నారు. ఆమె వెళ్ళి అత్తగారి పక్కన చోటు చేసుకుని, ఎక్కడ ఆపారని అడిగింది. అత్తగారు పాటల పుస్తకంలో చరణం చూపించింది. ఆమే ఎత్తుకుంది, వీధి చివరిదాకా వినబడేంత గట్టిగా.