గోదాములో ఖాళీ మూల

మునిగుడ విత్తనాల గోదాములో కంప్యూటరు ఒక్క రైతు పేరు చూపించడానికి పది నిమిషాలు తీసుకుంటోంది. తొలకరికి ముందు చోళ్ల, అంటే రాగుల, విత్తనం కోసం వచ్చినవాళ్లు గుమ్మంలోనే చతికిలబడుతున్నారు. కార్యదర్శి గంగరాజు పొద్దున్నే తేల్చేశాడు.

"సాయంత్రానికి ఇది బాగుపడకపోతే పాతసామాను బండికెక్కించేస్తానమ్మీ. మళ్లీ పుస్తకాల్లోనే రాసుకుందాం."

కంప్యూటరు పోతే తన కొలువూ పోతుందని ప్రణతికి తెలుసు. దానికోసమే ఆమెను పెట్టుకున్నారు.

తెర మీద డిస్కును తెరిచి చూసింది. అన్నీ ఎర్రగీతలే, ముక్కలైన ఫైళ్లకు గుర్తు. కొత్త వివరం రాసినప్పుడల్లా పక్కన చోటు లేక, దొరికిన సందులో పడేసింది కంప్యూటరు. ఇప్పుడు ఒక్క ఫైలు చదవాలంటే డిస్కంతా వెతుక్కోవాలి. ముక్కలన్నీ ఒకచోట చేర్చమంటే, చోటు చాలదంటోంది.

గోదాము చూసుకునే సత్యభామ చేటతో వచ్చి తొంగిచూసింది.

"ఏటమ్మి, నెత్తురు కక్కుతోందేటి?"

"ఒకే ఫైలు నూరు ముక్కలై పడుంది పిన్నీ. సర్దమంటే సర్దడం నేదు."

"ఎలా సర్దుద్ది? బస్తా కదపాలంటే ముందు దించడానికి నేలుండొద్దా? బస్తాలకని ఖాళీగా ఉంచిన ఆ మూల నీ అట్టపెట్టెలు ఎట్టినప్పుడు మొత్తుకున్నానా, నేదా?"

'ఖాళీకి కూడా కాపలానా పిన్నీ' అని నిన్న ప్రణతి నవ్వింది. ఇప్పుడు నవ్వు రాలేదు. డిస్కులో వెతికితే, నాలుగేళ్ల చైతి పండగ వీడియోలు మేటవేసి ఉన్నాయి.

"నా డాన్సుందేటి అందులో? పారేసేవంటే ఊరుకోను!"

"పెన్‌డ్రైవులో ఎక్కిస్తాను, పోదులే."

అన్నీ ఎక్కాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని, ప్రణతి వాటిని డిస్కులోంచి తీసేసి, మళ్లీ సర్దమంది. అప్పుడు గీతలు కదిలాయి. ఒక ముక్క ఖాళీలోకి వెళ్లింది, దాని పక్కకు రెండోది చేరింది. అవి వదిలిన చోటు వేరే ఫైలుకు పనికొచ్చింది. సత్యభామ పీట లాక్కుని కూర్చుని, కూలీలను అదిలించినట్టు అదిలించసాగింది.

"ఆఁ, అటెట్టు. దాని పక్కనే... అద్గదీ!"

నాలుగింటికి గంగరాజు బండివాడిని వెంటబెట్టుకొచ్చాడు. ప్రణతి ఒక పేరు కొట్టింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకునేలోగా వివరాలు వచ్చేశాయి.

"ఏటి కొత్తగా ఏసేవమ్మీ?"

"ఏటీ నేదండి. ఉన్నదే సర్దేం."

గంగరాజు గుమ్మంలో ఉన్న రైతును లోపలికి పిలిచాడు. బండి ఊరికే పోవడమెందుకని, ప్రణతి మూలనున్న అట్టపెట్టెలు తెచ్చి అందులో వేసింది. సత్యభామ అప్పటికే చీపురు తీసింది.